అక్క నాకు చెప్పని అంకె

ముందు పోయినవాటి లెక్క రాస్తాను.

మా అక్క ఎడమచేతి పట్టు పోయింది. గిన్నె పట్టుకుంటుంది, కానీ అది జారుతున్న సంగతి ఆ చేతికి ఆలస్యంగా తెలుస్తుంది. వేసవిలో అడవికి పోవడం పోయింది. బావి దగ్గరికి ఒంటరిగా పోవడం పోయింది. దవాఖాన ఖర్చుకు పాలిచ్చే బర్రె పోయింది, దాని వెంట దూడ పోయింది. నాకు కుదిరిన సంబంధం ఒకటి పోయింది. ఇంట్లో ఫిట్స్ వచ్చే మనిషి ఉందని తెలిసి ఆడపిల్ల తరఫువాళ్లు వెనక్కి తగ్గారు. ఆ తరవాత నేను మళ్లీ ప్రయత్నం చేయలేదు, అందులో త్యాగమేమీ లేదు, బద్ధకం కొంత ఉంది. అక్క జ్ఞాపకంలోంచి మూడు రోజులు మొత్తంగా పోయాయి. ముక్కుపుల్ల పోయింది. స్కానింగు గదిలోకి లోహం ఏదీ పోకూడదంటే తీసి కొంగున ముడి వేసింది. బయటికొచ్చి చూస్తే ముడి ఉంది, పుల్ల లేదు.

పోయినవి ముందు రాసి ఉన్నవి తరవాత రాయడం నా పనిలో వచ్చిన అలవాటు. బీడీలు చుట్టే తునికాకు కల్లంలో తడిసిన కట్టలు, పురుగు పట్టిన కట్టలు ముందు పక్కకు తీస్తాం. మిగిలినవే లెక్క. అలా చేస్తే మిగిలినవాటి మీద గౌరవం పెరుగుతుంది. అక్క మిగిలింది. ఈ రాస్తున్నదంతా ఆ మిగులు గురించే.

నేను ఐదో తరగతి దాటలేదు. లెక్కలు నాకు బడి చెప్పినవి కావు. అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్లు, అక్కకు పద్నాలుగు. ఆ వేసవి నుంచి నన్ను వెంటబెట్టుకుని అడవికి పోయి ఆకు కోసేది. మధ్యాహ్నం నీడన కూర్చుని కట్టలు కట్టేది. కట్టకు యాభై ఆకులు. నా పని ఒకటే, ఆమె పేర్చిన ఆకుల్ని గట్టిగా లెక్కపెట్టడం. తప్పితే మొట్టేది కాదు, మళ్లీ మొదటినుంచి పెట్టమనేది, అది మొట్టికాయ కంటే కష్టం. కొన్నాళ్లకు ఆకు లేకుండానే అంకెలు కూడడం, తీయడం, భాగించడం వచ్చాయి. పెద్దయ్యాక పాల్వంచలో ఒక ధాన్యం దుకాణంలో లెక్కలు రాసే పని దొరికింది. వేసవి వచ్చిందంటే గోదావరి అవతల అడవిలో కల్లేదారుగా పోయేవాణ్ణి. కల్లం దగ్గర కూలీలు తెచ్చిన కట్టలు లెక్కపెట్టి, ఇసుకలో వరసలుగా ఆరబెట్టించే మనిషిని కల్లేదారు అంటారు. పాల్వంచలోనే, కరెంటు ఫ్యాక్టరీ షిఫ్టు బస్సులు తిరిగే దారి పక్కన, రెండు గదులు కిరాయికి తీసుకుని అక్కను తెచ్చుకున్నాను. ఆమెకు పెళ్లయిన మూడో ఏడే బావ జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు.

కల్లానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది, లెక్క మొదలుపెట్టేటప్పుడు ఒకటి అనరు. లాభం అంటారు. లాభం, రెండు, మూడు. ధాన్యం కొలిచేచోటా ఇదే మాట. రెండోది కొసరు. నూరు కట్టలకు ఐదు పైన వేయాలి. ఎండితే కొన్ని విరుగుతాయి, కొన్ని ఎగిరిపోతాయి, అందుకని. కూలీలు ఆ ఐదుకు గొణుక్కునేవాళ్లు, అది న్యాయమైన గొణుగుడే. మా అక్క మాత్రం ఐదు అడిగినచోట ఆరు వేసేది.

"ఎందుకక్కా, అడగంది?"

"ఇచ్చే చెయ్యి నిండుగ ఉండాలెరా. ఎంచి ఎంచి ఇస్తే ఇచ్చినట్టా?"

కల్లేదారునయ్యాక ఆమె ఆరో కట్ట నేను తిరిగి ఆమె గంపలో పడేసేవాణ్ణి. ఆమె మళ్లీ వరసలో పెట్టేది. చూసేవాళ్లకు అదొక ఆట.

ఫిట్స్ ఆమెకు ముప్పై దాటాక మొదలయ్యాయి. ముందు ఎడమచేతి వేళ్లు వాటంతటవే కొట్టుకునేవి, తరవాత ఒళ్లంతా. ఖమ్మం దవాఖానలో మాత్రలు ఇచ్చారు. ఏళ్ల తరబడి అవే మింగింది. నెలకు ఒకటో రెండో వచ్చేవి, మేం వాటికి అలవాటు పడ్డాం. తొంభైల్లో ఒక మధ్యాహ్నం అన్నం వారుస్తూ "తల పగులుతున్నదిరా" అని కూర్చుండిపోయింది. వాంతి చేసుకుంది. మాట ముద్దగా వచ్చింది. ఆ రోజు మొదలు మూడు రోజులు ఆమెకు గుర్తు లేవు. ఖమ్మం తీసుకుపోతే వాళ్లు హైదరాబాదు పొమ్మన్నారు. అక్కడ తలలోపల బొమ్మలు తీశారు. మెదడు కుడిపక్క లోతులో రక్తనాళాలు చిక్కుపడి ఒక ముడి ఉంది. పుట్టుకతోనే ఉందట. అది కొంచెం చిట్లింది.

మాకు చెప్పిన డాక్టరు చిన్నవాడు, మాట నెమ్మదైనది. ఆ ముడి దగ్గరికి కత్తితో పోతే దారిలో చెయ్యీ కాలూ పడిపోవచ్చన్నాడు. అలాగే వదిలేస్తే మళ్లీ చిట్లవచ్చు, ఈసారి ఎక్కువగా. మూడో దారి ఒకటుంది. తల తెరవకుండా, సన్నటి కిరణాలను ఆ ముడి మీద మాత్రమే పడేట్టు పెట్టడం. మిషను కొత్తగా వచ్చింది. వేరే దేశాల్లో చేస్తున్నారు, మన దగ్గర ఇప్పుడే మొదలు.

"దీని మీద మేము పరిశోధన చేస్తున్నామమ్మా. ఎవరికి ఎంత మోతాదు ఇచ్చాం, ముడి మూసుకుందా లేదా, ఫిట్స్ తగ్గాయా పెరిగాయా, అన్నీ రాసుకుంటాం. మీరు ఒప్పుకోకపోయినా వైద్యం ఆగదు. మధ్యలో వద్దనుకున్నా ఆగదు" అని కాగితం మొత్తం చదివి వినిపించాడు.

ఆయన అంతసేపు చదవడం అక్కకు నచ్చింది. "గింత మంచిగ చెప్పినంక వద్దంటే ఏం మర్యాద?" అని వేలిముద్ర వేసింది.

"మర్యాద కోసం వేయకండమ్మా. మీకు ఇష్టమైతేనే" అన్నాడు డాక్టరు.

"ఇష్టమే సారూ. నా తమ్మునికి నా అన్నం తినుడు ఇంక కొన్నేండ్లు కావాలె."

చికిత్స రోజు పొద్దున్నే ఆమె తలకు లోహపు చట్రం ఒకటి బిగించారు. నుదుటి మీద రెండు, వెనక రెండు మరలు. తిమ్మిరి మందు ఇచ్చారు కాబట్టి నొప్పి లేదు, ఒత్తిడి ఉందంది. నేను ఆమె ముఖం వంక బెదురుగా చూశాను. అక్కే నవ్వింది.

"ఏందిరా అట్ల జూస్తవ్? ఎద్దుకు చిక్కం ఏసినట్టున్నదా?"

"చిక్కం మూతికేస్తరు గద."

"మూతికేస్తే నీకు మంచిగుంటుండె. నా మాటలు తప్పుతుండె."

ఆ చట్రం ఎందుకో కాసేపటికి అర్థమైంది. తల కదలకూడదు, అంతేకాదు, తలలో ప్రతి చోటునూ ఆ చట్రం మీది గీతల నుంచి కొలుస్తారు. చట్రంతోనే మళ్లీ బొమ్మలు తీశారు. తరవాత చాలా గంటలు ఊరికే కూర్చోబెట్టారు. లోపల లెక్క జరుగుతోంది. లెక్క వేసే ఆయన డాక్టరు కాదు, కిరణాల శాస్త్రం చదివిన మనిషి. బక్కగా ఉండి, చొక్కా జేబులో రెండు పెన్నులు పెట్టుకుని మధ్యలో ఒకసారి నీళ్లు తాగడానికి బయటికి వచ్చాడు. అక్క ఆయనకు అప్పుడే 'లెక్కల సారు' అని పేరు పెట్టింది. నేను లేచి నిలబడి, ఒక సందేహం అడగవచ్చా అన్నాను.

"అడగండి."

"కిరణం ముడి దగ్గరికి పోవాలంటే నడుమ మంచి మెదడులోంచి పోవాల్నాయె. దానికేం గాదా?"

ఆయన గోడకు ఆనుకుని చెప్పాడు. ఒకే దారిలో పంపరు. మిషను తల చుట్టూ తిరుగుతూ చాలా దిక్కులనుంచి పంపుతుంది. ఒక్కో దారిలో పడేది కొంచెమే, ఆ దారి తట్టుకుంటుంది. అన్నీ కలిసేచోట మాత్రం బాగా పడుతుంది. నేను తలూపాను కానీ నాకు పూర్తిగా అందలేదు. అక్క ఆ చట్రంతోనే కుర్చీలో నిటారుగా కూర్చుని విన్నది.

"గంతేనా. సంత తీరు" అంది.

"సంతేమిటమ్మా?" అన్నాడాయన.

"మా అడవిల వారానికో సంత గూడతది సారూ. అన్ని గూడేలకెల్లి జనం ఎవరి బాటల వాళ్లొస్తరు. ఆ బాటల మీద గడ్డి ఉంటనే ఉంటది, పలచగ. సంత గూడే జాగల మాత్రం ఒక్క పోస మొలవది. అందరి కాళ్లు ఆడనే పడె గద."

లెక్కల సారు గ్లాసు దించాడు. "ఇకనుంచి అందరికీ నేనిదే చెప్తానమ్మా" అన్నాడు. ఆయన నిజంగానే చెప్పాడని తరవాత ఒకసారి వరండాలో విన్నాను. వేరే ఎవరికో సంత గురించి చెబుతున్నాడు, గూడేల పేర్లు మాత్రం తనకు తోచినవి పెట్టుకున్నాడు.

సాయంత్రం ఆమెను లోపలికి తీసుకుపోయారు. నన్ను బయట ఉంచారు. లోపల జరిగింది అక్క చెప్పిందే రాస్తున్నాను. మిషను పెట్టేముందు ఒకరు అంకె చదివితే ఇంకొకరు దాన్ని తిరిగి పలికారట. ఎంత పైకి, ఎంత పక్కకు, ఎంత లోతు. ఇద్దరి నోటా ఒకే అంకె వచ్చాకే తరవాతి అంకె. ఇది వినగానే నాకు సగం భయం పోయింది. మా కల్లంలోనూ అంతే, నేను నూరు అంటే అవతలి కూలీ నూరు అని పలికి గులకరాయి పక్కన పెడుతుంది, ఇద్దరూ పలికితేనే నూరు.

"వాళ్లు ఒకటి అన్నప్పుడల్లా నేను లోపట లాభం అనుకున్నరా" అంది అక్క. "పైకనలే. కదలొద్దన్నరు గద."

రాత్రికి చట్రం తీసేశారు. నుదుటిమీద రెండు చుక్కలు మిగిలాయి. మర్నాడు పంపించేశారు. కత్తి లేదు, కుట్టు లేదు. బస్సులో వైరా దాటేదాకా నేను ఆమె తల నా భుజానికి తగలకుండా చేయి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. "కోడిగుడ్డనుకున్నవా ఏంది?" అని నా చేయి తీసేసి భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది.

డాక్టరు ముందే చెప్పిన సంగతి ఒకటుంది. ముడి వెంటనే మూసుకోదు. లోపలి గోడలు మెల్లగా దళసరెక్కి మూసుకోవాలి, రెండేళ్లు పట్టవచ్చు, కొందరికి అసలు మూసుకోకపోవచ్చు. అందాకా చిట్లే భయం ఉండనే ఉంటుంది. మూడు నెలలకోసారి రావాలి. వచ్చినప్పుడల్లా ఫిట్స్ ఎన్ని వచ్చాయో చెప్పాలి. ఆ అంకెను బట్టే మాత్ర పెంచడం, తగ్గించడం.

మొదటిసారి పోయినప్పుడు, "ఎన్ని వచ్చాయమ్మా?" అని అడిగాడు డాక్టరు.

"ఒక్కటే సారూ."

రెండోసారి, "లేవు సారూ."

డాక్టరు ముఖం వెలిగింది. నా ముఖం ఇంకా వెలిగి ఉంటుంది. నేను పగలంతా దుకాణంలో ఉండేవాణ్ణి. ఇంట్లో ఉన్నప్పుడు ఒకటీ రాలేదు. లేవంటే లేవనే అనుకున్నాను. మూడోసారి కూడా లేవంది. వేసవి దగ్గర పడుతోంది. ముందటేడు ఆకు పనికి పోలేదు.

"ఈసారన్న పో" అంది అక్క.

"నిన్ను ఒక్కదాన్ని ఇడిసిపెట్టా?"

"ఒక్కదాన్నా? పక్కింట్ల ఆపా లేదా? నాకు ఫిట్సు బందయినయ్. నువ్వు ఇంట్ల కూసోని నా మొఖం జూసుడు బందు గాలే, గదొక్కటే."

ఆపా అంటే మా గోడ పక్కింటి దర్జీగారి భార్య. అక్క కంటే రెండేళ్లు పెద్ద. ఆమె కుట్టుమిషను చప్పుడు మా ఇంట్లోకి వినిపిస్తుంది, మా ఇంట్లో పోపు వాసన వాళ్లింట్లోకి పోతుంది, అలా ఉంటాయి గోడలు. "పోవయ్యా పో. నేను జూస్కుంట" అని ఆపా కూడా అంది. నేను పోయాను. నలభై రోజులకు పైగా గోదావరి అవతల ఉన్నాను. అక్క దగ్గర్నుంచి కబురు వచ్చినప్పుడల్లా ఒకటే కబురు, అంతా బాగే.

తిరిగొచ్చాక నాలుగోసారి హైదరాబాదు పోవాలి. ఆపా కూతురు అక్కడ కాన్పుకు ఉంది, అందుకని ఆపా మాతో బస్సెక్కింది. దవాఖాన చూసి పోతానని లోపలికి కూడా వచ్చింది.

"ఎన్ని వచ్చాయమ్మా ఈ మూడు నెలల్లో?"

"లేవు సారూ."

"చాలా సంతోషం. ఇంతకాలం ఒక్కటీ లేదు కాబట్టి ఈ మాత్ర ఇక సగానికి తగ్గిద్దాం. మత్తు కూడా తగ్గుతుంది మీకు" అని డాక్టరు పెన్ను తీశాడు.

ఆపా బురఖా పైకి తీసి అక్క వంక చూసింది.

"ఏందమ్మా, ఏం చెప్తున్నవ్? లేవంటవేంది? మొన్న శుక్రారం బావికాడ పడితే నేనే గద ఎత్తింది?"

"ఆపా, నువ్వూకో."

"ఎందుకూకోవాలె? అల్లా చూడడా? మాత్ర సగం జేస్తనంటుండు సారు. రేపు పొయ్యిల పడితే ఎవరెత్తాలె, ఈ సారెత్తుతడా?"

డాక్టరు పెన్ను మూత పెట్టాడు. నేను అక్క వంక చూశాను. ఆమె తన ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని దాని వంకే చూస్తోంది. మణికట్టు దగ్గర కాలిన మచ్చ ఒకటి ఉంది. గాజులు పైకి జరిపి కప్పుకునేది కాబోలు, నేనెప్పుడూ చూడలేదు.

"ఎందుకమ్మా అలా చెప్పారు?" డాక్టరు గొంతులో కోపం లేదు.

అక్క ఆ చేతి వంకే చూస్తూ అంది. "మీరు ఇంత కష్టపడ్డరు సారూ. ఆ లెక్కల సారు అన్నం తినకుంట లెక్క జేసిండు. నేనొచ్చి తగ్గలేదంటే మీ మొఖం చిన్నబోతది. మీరు అడిగినప్పుడల్ల మంచి మాట ఎదురుసూస్తున్నట్టే ఉంటది. ఇయ్యబుద్దయితది."

ఆ మాటతో నాకు అర్థమైంది. ఐదు అడిగినచోట ఆరు వేసే చేయి. ఈసారి వేయాల్సింది ఆకు కాదు, మంచి కబురు. ఆమె తన దగ్గర లేనిది కూడా తీసి వేసింది.

డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అమ్మా, మీరు చెప్పిన అంకె నా దగ్గరే ఉండదు. రేపు మీలాంటి ఇంకొకామె వస్తుంది. ఆమె తమ్ముడో కొడుకో అడుగుతాడు, ఎన్నాళ్లకు తగ్గుతాయి సార్ అని. ఆరు నెలలకే ఆగిపోయాయి ఒకామెకు అని నేను మీ అంకె చూసి చెప్తాను. అతను నమ్మి ఆమెను ఒంటరిగా బావి దగ్గరికి పంపుతాడు. ఇంకో సంగతి. మోతాదు ఎంత ఇవ్వాలన్నది కూడా మేము ఈ అంకెలు చూసే నేర్చుకుంటున్నాం. తగ్గలేదంటే నా మొహం చిన్నబోదు. తప్పు లెక్క మీద ఇంకొకరికి వైద్యం చేస్తే అప్పుడు చిన్నబోతుంది."

అక్క తలెత్తింది. ఆమెకు తగిలింది ఏమిటో నాకు తెలుసు. కల్లంలో ఒకరి లెక్క ఎక్కువ పడితే, చివర గోనెలు నింపేటప్పుడు తరుగు వస్తుంది. ఆ తరుగు తీసేది అందరి కూలిలోంచి. ఎక్కువ రాయించుకున్నామె ఎవరో ఎవరికీ తెలియదు, తగ్గేది మాత్రం పక్కామెకు. మా అక్క జీవితంలో ఎవరినైనా తిట్టిందంటే అలా రాయించుకున్నవాళ్లనే.

"అంటే నా తరుగు ఇంకో ఆడిదాని మీద పడుతది" అంది మెల్లగా.

"అవునమ్మా."

"మరి ముందే గట్ల చెప్పొద్దా సారూ? మంచిగున్నదా అని అడిగితే మంచిగున్నదనే అంటరు ఎవరైన."

డాక్టరు నవ్వాడు. "నిజమే. అడగడం నాకూ సరిగా రాలేదు. ఇకనుంచి బాగుందా అని అడగను. ఎన్ని అని మాత్రమే అడుగుతాను."

మాత్ర తగ్గించలేదు, కొంచెం పెంచాడు. ఆ తరవాత అక్క నోట కల్తీ అంకె రాలేదు. ఇంట్లో ఫిట్ వచ్చి తేరుకోగానే ఒక చింతగింజ తీసి డబ్బాలో వేసేది. చేయి మాత్రమే కొట్టుకుంటే చిన్న గింజ, పడిపోతే పెద్ద గింజ. తాను పడిపోయి తెలియకపోతే ఆపా వేసేది, వేసి గోడ మీదుగా కేకపెట్టేది, "పెద్దదే ఏసిన, మళ్ల తియ్యకు." దవాఖానకు పోయినప్పుడు గింజలు కొంగులో ముడివేసుకుని పోయి డాక్టరు బల్ల మీద పోసేది. ఆయన ముందు పెద్దవి, తరవాత చిన్నవి వేరుచేసి లెక్కపెట్టి పలికేవాడు, అక్క తిరిగి పలికేది. లెక్కల సారు ఒకసారి వచ్చి చూసి, ఇవి ఇక్కడే వదిలిపోతారా అని అడిగాడు. "చింతగింజలకేం కరువు, ఉంచుకోండ్రి" అంది అక్క.

గింజలు వెంటనే తగ్గలేదు. ఒక విడత పెరిగాయి కూడా. ఆ విడత అక్క వాటిని బల్ల మీద పోసేటప్పుడు డాక్టరు వంక చూడలేదు. ఆయన లెక్కపెట్టి, "నిజం చెప్పారు, థాంక్స్ అమ్మా" అన్నాడు. ఆమె వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో అంది, "తక్కువ ఇచ్చినా దండం పెట్టేటోన్ని ఈడనే జూసిన్రా."

తరవాత మెల్లగా పెద్ద గింజలు ఆగాయి. చిన్నవి మిగిలాయి. మూడో ఏడు నడుస్తుండగా తొడ దగ్గర రక్తనాళంలోంచి మందు పంపి తలలోపలి బొమ్మ మళ్లీ తీశారు. పాత బొమ్మనూ కొత్త బొమ్మనూ వెలుగు పెట్టె మీద పక్కపక్కన పెట్టి చూపించాడు డాక్టరు. పాతదాంట్లో కుడిపక్క నల్లటి చిక్కు, ఎలుకలు కొరికిన దారపు ఉండలా ఉంది. కొత్తదాంట్లో ఆ చోట నాళాలు మామూలుగా సాగిపోయాయి. ముడి లేదు.

"మూసుకుంది" అన్నాడు. "అందరికీ ఇలా కాలేదమ్మా. మీకు అయింది."

అక్క మొదట అడిగింది, "కానోళ్లకు ఏం జేస్తరు సారూ?" అని. మళ్లీ ఇవ్వవచ్చేమో చూస్తున్నామన్నాడు. అప్పుడు ఆమె చేతులు జోడించింది. ఎడమచేయి కొంచెం ఆలస్యంగా వచ్చి కుడిచేతిని అందుకుంది.

నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఆ గోడ మీద క్యాలెండరు ఉంది. అందులో ఏ నెల ఉందో ఇప్పటికీ చెప్పలేను. అంకెలున్నచోట అంకెలు చదవకుండా నేను నిలబడ్డది అప్పుడేనేమో.

లేవబోతుంటే డాక్టరు అడిగాడు. "అమ్మా, ఒక్క చోటు మిగిలింది. మొదటి ఏడాది మీరు లేవని చెప్పినవాటిలో కొన్ని తరవాత గుర్తు తెచ్చుకుని చెప్పారు. మీ తమ్ముడు ఆకు పనికి పోయిన ఆ నలభై రోజులవి మాత్రం చెప్పలేదు. ఆ గడి ఖాళీగా ఉంది. గుర్తుంటే చెప్పండి, లేకపోతే అలాగే వదిలేస్తాను. ఊహించి మాత్రం చెప్పొద్దు."

"యాదికున్నది సారూ" అంది అక్క. "గింజలు లేకున్న, ఆ దినాలవి ఒక్కొక్కటి యాదికున్నది."

"చెప్పండి."

ఆమె నా వంక చూసింది. "నువ్వు జర బయటికి పో."

"నేనెందుకు పోవాలె?"

"పోరా. ఆడోళ్ల ముచ్చటనుకో."

"అక్కా, ఎన్నో చెప్పు. నేను ఇనాలె."

"నువ్వింటే ఊకుంటవా? దాన్ని దినాలతోటి భాగిస్తవ్. దినానికి గిన్ని అంటవ్. ఆ దినం నేనేడ ఉన్న, ఏ కల్లంల ఉన్న అని మళ్ల ఒక్కొక్క దినం తీసి చూస్తవ్. నిన్ను సాదింది నేను, నాకెరుక లేదా? సారుకు ఆ అంకె కావాలె, ఇంకో మనిషికి పనికొస్తది. నీకు దేనికి పనికిరాదు. పో."

డాక్టరు నా వంక క్షమించమన్నట్టు చూసి లేచి తలుపు తీశాడు. నేను వరండాలో నిలబడ్డాను. తలుపు మందంగా ఉంది. లోపలి మాటలు ఎంతసేపు సాగితే ఎంత అంకె అవుతుందోనని వద్దనుకుంటూనే లెక్క వేశాను. చాలాసేపు సాగాయి. తలుపు తీశాక డాక్టరు ముఖం చూశాను. అందులో నాకేమీ దొరకలేదు. "రాసుకున్నాను" అని మాత్రం అన్నాడు.

ఆయన్ని తరవాత చాలాసార్లు కలిశాను. ఏడాదికోసారి అక్కను చూపించడానికి పోతూనే ఉన్నాం. ఒకసారి ఆయన గదిలో ఒక్కణ్ణే ఉన్నాను, అక్క బయట కూర్చుంది. అడిగితే చెప్పేవాడో లేదో తెలియదు. నేను అడగలేదు. ఆపా దగ్గర కూడా అడగలేదు. ఆమెకు సగమైనా తెలుసు.

అక్క దగ్గర మాత్రం అడుగుతాను. ఏడాదికి ఒకసారి, ఆకు సీజను మొదలయ్యేముందు, నేను సంచి సర్దుకుంటున్నప్పుడు. ఆమె కుడిచేత్తో అన్నం కట్టి, ఎడమచేత్తో మూట చివర నొక్కి పట్టడానికి ప్రయత్నిస్తూ ఉంటుంది. నేను ఆ చివర పట్టుకుంటాను.

"ఎన్నక్కా?"

"ఎన్నైతే ఏంది? ఒడిసిపోయినయ్. జల్దీ నడు, బస్సు పోతది."

నాకు రావలసిన అంకెలన్నీ ఏదో ఒకనాటికి వచ్చాయి. ఆ నలభై రోజులది ఇంకా రాలేదు.